ఖిద్మత్‌కు టికెట్ ఎంత?

విదేశానికి వెళ్లి వలంటీర్‌గా పని చేయండి, ఆరు వారాల్లో దునియా చూసి రండి, చేతిలో సర్టిఫికెట్‌తో తిరిగి రండి. ఈ పిలుపు ఒకప్పుడు బంజారాహిల్స్ పిల్లలకే వినపడేది. ఇప్పుడు మెహదీపట్నం, టోలీచౌకీ, కిషన్‌బాగ్ డిగ్రీ పిల్లల ఫోన్లలోకి కూడా వచ్చేసింది. కాలేజీ సెమినార్ హాల్లో గంటసేపు స్లైడ్లు వేస్తారు. నల్లపిల్లల మధ్య నవ్వుతూ నిలబడ్డ మన పిల్లల ఫోటోలు చూపిస్తారు. ఆఖరి స్లైడ్ మీద ఒక అంకె ఉంటుంది. ఇంతే ఫీజు, ఇక అంతా మేం చూసుకుంటాం అంటారు.

ఆ పిలుపు మీద నాకు కోపం లేదు. ఆ అంకె మీద ఉంది. ఎందుకంటే అది ఖర్చు కాదు, ఖర్చుకు తలుపు మాత్రమే. తలుపు లోపల ఏముందో ఎవరూ చెప్పరు. చెప్పకుండా ఖిద్మత్ అనే పాక్ మాటను దాని మీద పరదాలాగా కప్పుతారు. ఖిద్మత్‌కు పోతున్న బిడ్డను పైసల సంగతి అడగడానికి అమ్మీ అబ్బాలకు నోరు రాదు. ఆ మొహమాటం మీదే ఈ కారోబార్ నడుస్తోంది. నేను రాయాలనుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దాని హిసాబ్.

మా గల్లీలో ఒక ఆటో డ్రైవర్ బిడ్డ ఉంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. తెలివైన పిల్ల, సాయంత్రాలు పదిమందికి ట్యూషన్ చెప్పి తన చదువు తనే చూసుకుంటుంది. కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము దగ్గర ఒక బడిలో ఇంగ్లిష్ చెప్పడానికి ఆరు వారాలు వెళ్లి వచ్చింది. పంపింది ఒక ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ వాళ్లు. పేరు అనవసరం, ఎందుకంటే ఆ ఒక్కరిదే కాదు ఈ తరీఖా. తిరిగి వచ్చాక తన నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "మామూ, ఎక్కడ తప్పిందో చూడండి, నాకు లెక్క తేలట్లేదు" అంది. నేను చూశాను. లెక్క ఎక్కడా తప్పలేదు. ఆమెకు మొదట చెప్పిన అంకే తప్పు.

ప్రోగ్రామ్ ఫీజు 25,000. స్లైడ్ మీద ఉన్నది ఇదే. పాస్‌పోర్ట్ 1,500. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా నైరోబీకి రానూపోనూ విమానం 62,000. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈ-టీఏ అనే ముందస్తు పర్మిషన్ పెట్టింది, దానికి 30 డాలర్లు, మన రూపాయల్లో 2,600. పసుపు జ్వరం టీకా, మలేరియా మాత్రలు కలిపి 2,400. ఇన్సూరెన్స్ 3,500. నైరోబీలో దిగాక కిసుముకు ఏడెనిమిది గంటల బస్సు, అక్కడ రోజూ బడికి మటాటూ అనే షేర్ వ్యాన్ కిరాయి, రెండు పూటల తిండి, సిమ్ కార్డు, అన్నీ కలిపి 30,000. సూట్‌కేస్, బూట్లు, బడి పిల్లలకు తోఫాలు 8,000. నెలన్నర ట్యూషన్లు బంద్ అయితే పోయిన ఆమ్‌దనీ 12,000.

మొత్తం 1,47,000.

ఇందులో 80,000 ఆ ఇంట్లో లేవు. అమ్మీ గాజులు తాకట్టు దుకాణానికి వెళ్లాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 1,600. పది నెలలకు విడిపించేసరికి 16,000 వడ్డీకే పోయింది. దాన్నీ కలిపితే 1,63,000. చెప్పింది 25,000, అయింది దానికి ఆరున్నర రెట్లు. అల్లా పేరు మీద చేసిన ఖిద్మత్‌కు సూద్ కట్టాల్సి వచ్చింది! హరామ్ హలాల్ గురించి చిన్న చిన్న విషయాల్లో గొంతు చించుకునే మన పెద్దలు ఈ సూద్ గురించి ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

విమానం టికెట్ మీరే కొనుక్కోవాలని మేం ముందే చెప్పాం కదా అంటారు ప్రోగ్రామ్ వాళ్లు. నిజమే, చెప్పారు. కానీ ఎంతవుతుందో చెప్పలేదు. టికెట్ వేరే, తిండి వేరే, లోకల్ ప్రయాణం వేరే అని మూడు చోట్ల మూడు చిన్న అక్షరాల్లో రాయడం చెప్పడం కాదు, దాచడం. మన ఫిఖ్‌లో దీనికి పేరుంది. గరర్. కొనేవాడికి తాను ఏం కొంటున్నాడో, ఎంతకు కొంటున్నాడో సాఫ్‌గా తెలియని బేరం. నీళ్లలో ఉన్న చేపను, గాలిలో ఉన్న పిట్టను అమ్మడం జాయెజ్ కాదని మదర్సాలో పిల్లలకు చెప్పేది దీని గురించే. సూరా బఖరాలో అప్పు రాతకోతల మీద ఒక ఆయత్ ఉంది. ఖురాన్ మొత్తంలో అదే అన్నిటికన్నా పొడవైన ఆయత్. మనుషుల మధ్య పైసల మామ్లా ఉంటే కాగితం మీద పెట్టండి, గవాహీ పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అని దాని సారాంశం. అల్లా అంత పొడుగ్గా చెప్పిన విషయాన్ని ఖిద్మత్ పేరు వినగానే మరిచిపోతున్నాం.

పైసలతో తీరని ఖర్చులు ఇంకా ఉన్నాయి.

మొదటిది కానూన్. ఆ పిల్లతో ఈ-టీఏ ఫారంలో ప్రయాణం మక్సద్ టూరిజం అని నింపించారు. అందరూ అలాగే వెళ్తారు, ఫికర్ లేదు అన్నారు. జీతం తీసుకోకపోతే పని పనే కాదనుకోవడం మన దగ్గర ఉన్న పెద్ద భ్రమ. చాలా దేశాల కానూన్ అలా అనుకోదు. కెన్యాలో వలంటీర్ పనికి స్పెషల్ పాస్ అని వేరే ఉంది. థాయ్‌లాండ్‌లో జీతం లేని పనికీ వర్క్ పర్మిట్ ఉండాలి. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు రిజిస్టర్ అయిన చారిటీలో 30 రోజుల వరకే వలంటీర్‌గా పని చేయొచ్చు, అంతకు మించితే వేరే వీసా తీసుకోవాలి. పట్టుబడితే ఎవరు పట్టుబడతారు? స్లైడ్లు వేసినవాడు కాదు. పరాయి దేశంలో, కౌంటర్ ముందు, గాభరాగా నిలబడ్డ మన బిడ్డ. ఒకసారి వెనక్కి పంపితే ఆ ముద్ర తర్వాత పై చదువుల వీసా దాకా వెంటపడుతుంది. ముసల్మాన్ పేరున్న పాస్‌పోర్ట్‌ను దునియాలో ఏ కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు తిప్పి చూస్తారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి పిల్లలతో ఫారంలో అబద్ధం రాయించడం ఏ రకం ఖిద్మత్?

రెండోది సెహత్. కెన్యా నుంచి తిరిగి వచ్చేవాళ్లు మన ఎయిర్‌పోర్టులో పసుపు జ్వరం టీకా సర్టిఫికెట్ చూపాలి. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం మన సర్కారుకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పింది ప్రోగ్రామ్ వాళ్లు కాదు, టికెట్ కొన్న ట్రావెల్స్ అతను. ఇన్సూరెన్స్ కూడా అంతే. యూరప్‌లో షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే పాలసీ చూపాలని రూల్ ఉంది. అలాంటి రూల్ అడగని దేశాలకు వెళ్లేటప్పుడు మన పిల్లలు అన్నిటికన్నా చౌక పాలసీ కొంటారు. పైసలు మిగిలాయని ఖుష్ అవుతారు. కాలు విరిగిన రోజున గానీ దాని అసలు ధర తెలియదు.

మూడోది వక్త్. జూలై మధ్యలో సెమిస్టర్ పరీక్షలు అయ్యాక వెళ్లింది. ఆగస్టు వచ్చేసరికి అక్కడి బడులకు సెలవులు. ఆరు వారాల్లో సగం రోజులు పాఠం చెప్పడానికి పిల్లలే లేరు. ఖాళీగా కూర్చోవద్దని బడి గోడకు రంగు వేయించారు. కెన్యా బడుల టైంటేబుల్ రహస్యం కాదు, ఏటా సర్కారు ప్రకటిస్తుంది. అది చూడకుండా తేదీలు ఇచ్చారంటే పని ముఖ్యం కాదు, సీటు నిండడం ముఖ్యం అని అర్థం.

ఇంతవరకు మన వైపు ఖర్చు. అవతలి వైపు కూడా ఒక హిసాబ్ ఉంది. దాన్ని ఎవరూ స్లైడ్ మీద వేయరు.

కెన్యాలో బడి చదువు చాలావరకు ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వాళ్లు అక్కడ చాలామంది. అలాంటి చోటికి, టీచర్ ట్రైనింగ్ లేని మన డిగ్రీ పిల్ల, ఆ పిల్లల భాష ఒక్క ముక్క రాకుండా, మూడు వారాలు ఇంగ్లిష్ చెప్పడానికి లక్షన్నర ఖర్చు పెట్టుకుని వెళ్లింది. ఆ బడి పంతులమ్మ తన క్లాసు వదిలి ఈ పిల్లకు దారి చూపించింది, వంట చేసి పెట్టింది, జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఎవరు ఎవరికి ఖిద్మత్ చేశారు? ఆ పిల్లే నాతో అంది, "మామూ, నేను వాళ్లకు ఇచ్చిందానికన్నా వాళ్లు నాకు పెట్టింది ఎక్కువ." ఆ పంతులమ్మ చేతికి ప్రోగ్రామ్ ఫీజులోంచి ఒక్క షిల్లింగ్ వెళ్లిందా అని అడిగితే ఆమెకు తెలియదు. రసీదులో ఆ వివరం లేదు.

అనాథాశ్రమాల సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. నేపాల్‌లో, కంబోడియాలో అనాథలని చూపిస్తున్న పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని ఎన్నో ఏళ్లుగా బయటపడుతూనే ఉంది. విదేశీ వలంటీర్లు పైసలతో వస్తారు కాబట్టి ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి ఆశ్రమాలు నింపారు. ఆస్ట్రేలియా తన మోడరన్ స్లేవరీ చట్టం తెచ్చిన 2018 నాటికి అక్కడి పార్లమెంట్‌లో దీని మీద గట్టి చర్చే జరిగింది. కెన్యా కూడా 2017 నుంచి కొత్త పిల్లల ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్ ఆపేసింది. యతీమ్ తల మీద చెయ్యి పెట్టడం మన దీన్‌లో ఎంత పెద్ద సవాబో అందరికీ తెలుసు. అందుకే ముసల్మాన్ పిల్లలకు ఆశ్రమం ప్రాజెక్టు అమ్మడం చాలా సులువు. రెండు వారాలు గుండెకు హత్తుకుని మూడో వారం టాటా చెప్పి వచ్చేస్తే ఆ పిల్ల మనసుకు ఏమవుతుందో ఎవరూ లెక్క కట్టరు. వచ్చేముందు ఆ పిల్లతో దిగిన ఫోటో మాత్రం ఇన్‌స్టాలో ఉండిపోతుంది. ఖైరాత్ చేసి, దాన్ని చాటుకుని, తీసుకున్నవాళ్ల మనసు నొప్పించి, చేసిన మంచిని బాతిల్ చేసుకోవద్దని ఖురాన్ హెచ్చరించింది. ఆ హెచ్చరిక కెమెరాకు వర్తించదా?

ఎక్స్చేంజ్ అంటే మార్పిడి. మనం వెళ్లాలి, వాళ్లు రావాలి. మరి కిసుము పంతులమ్మ ఆరు వారాలు హైదరాబాద్ ఎప్పుడు వస్తుంది? ఆమె జీతానికి ఆ టికెట్ అందదు. ఆమె వీసాకు మన హైకమిషన్ అడిగే కాగితాలు ఆమె దగ్గర ఉండవు. పైసలున్న దేశం పిల్లలు పేద దేశానికి వెళ్తారు, పేద దేశంలో కాస్త ఉన్నవాళ్లు ఇంకా పేద దేశానికి వెళ్తారు. ఇది ఒకే వైపు నడిచే రోడ్డు. దానికి మార్పిడి అనే పేరు తగదు.

పైసలు లేని దునియా ఒకటి ఉంటుందా, ఎవరో ఒకరు ఖర్చు భరించాలి కదా అని అడిగే దోస్తులు ఉన్నారు. భరించాలి. ఎవరు భరిస్తున్నారన్నదే సవాల్. అమెరికా 1961లో పీస్ కోర్ పెట్టింది. వెళ్లేవాళ్ల ప్రయాణం, బతుకు ఖర్చు అక్కడి సర్కారే ఇస్తుంది. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల సంస్థ 1970లో మొదలైంది. దాని ద్వారా విదేశానికి వెళ్లేవాళ్లకు నెలనెలా బతకడానికి అలవెన్స్ ఇస్తారు. ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో వలంటీర్ పని చేయాలన్నా వాళ్ల దగ్గర ఫీజు లేదు. యూరప్‌లో సాలిడారిటీ కోర్ ఉంది. తమ ఇలాఖా కుర్రాళ్లకు ప్రయాణం, బస, తిండి, చేతిఖర్చు అన్నీ ఇస్తారు. అంటే ఉన్నవాళ్ల పిల్లల ఖిద్మత్‌కు వాళ్ల సర్కార్లు పైసలు పెడుతున్నాయి. ఆటో డ్రైవర్ బిడ్డ ఖిద్మత్‌కు మాత్రం ఆమె అమ్మీ గాజులు పెడుతున్నాయి.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఇలా లేదు. మొదటి పెద్ద జంగ్ తర్వాత, 1920లో స్విట్జర్లాండ్ ఇంజినీర్ పియర్ సెరెసోల్ కొంతమంది సాథీలతో కలిసి ఫ్రాన్స్‌లో కూలిపోయిన ఒక ఊరిని తిరిగి కట్టడానికి వెళ్లాడు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అక్కడే పుట్టింది. 1934 భూకంపంలో బిహార్ కూలిపోతే అదే మనిషి ఇక్కడికీ వచ్చాడు, ఊళ్లు మళ్లీ కట్టే పనిలో పార పట్టాడు. ఆ రోజుల్లో వలంటీర్ అంటే ఆ చోటికి అవసరమైన పని చేతిలో ఉన్నవాడు. ఆ మాటను తిరగేసి, ఫీజు కట్టగలిగిన వాడు అనే అర్థం తెచ్చింది ఈ కాలం.

ఇప్పుడు నా మీద వచ్చే ఎతిరాజ్‌లు నాకు తెలుసు.

ముసల్మాన్ ఆడపిల్లలు ఇప్పుడిప్పుడే గడప దాటుతున్నారు, నువ్వు మళ్లీ ఆపుతున్నావా అంటారు. లేదు. వెళ్లాలి. నేలంతా తిరిగి చూడమని ఖురాన్ ఒకసారి కాదు, ఎన్నోసార్లు చెప్పింది. ఇబ్న్ బతూతా తిరిగిన నేలలో కెన్యా తీరంలోని మొంబాసా కూడా ఉంది. ఆ తీరం భాషలో మన మాటలు ఇప్పటికీ బతికి ఉన్నాయి. అరబీ సఫర్ స్వాహిలీలో సఫారీ అయింది. ఖిద్మత్ అక్కడ హుదుమా. హిసాబ్ అక్కడ హెసాబు. మన నగరంలో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరు ఆఫ్రికా నుంచి వచ్చిన నిజాం గుర్రపు దళం పేరు. మన షాదీల్లో మోగే మర్ఫా దెబ్బలో వాళ్ల చెయ్యి ఉంది. ఆ తాల్లుఖ్ మన పిల్లలకు తెలియాలి. అయితే దాన్ని సఫర్ అనండి, ఇల్మ్ అనండి. చదువు ఖర్చు కింద రాయండి, తాహతు ఉంటే పెట్టండి. సఫర్‌ను ఖిద్మత్ పేరుతో అమ్మడమే నా ఎతిరాజ్.

సీవీ బలపడుతుంది, ఉద్యోగానికి పనికొస్తుంది అంటారు. అయితే అది ఖిద్మత్ కాదు, పెట్టుబడి. పెట్టుబడి తప్పు కాదు. కానీ పెట్టుబడి పెట్టేవాడు లాభనష్టాలు ముందే చూసుకుంటాడు. నియ్యత్ ఒకటి, బోర్డు మీద రాసింది ఇంకొకటి అయితే మోసపోయేది పెట్టేవాడే.

మరీ పేదవాళ్లయితే జకాత్ నుంచి ఇప్పించండి, ముసాఫిర్‌కు జకాత్ హక్ ఉంది కదా అని ఒక కమిటీ మీటింగ్‌లో ఒకాయన అన్నాడు. జకాత్ హక్‌దార్లు ఎనిమిది రకాలు, వాళ్లలో ముసాఫిర్ ఉన్న మాట నిజం. కానీ మన హనఫీ ఫిఖ్‌లో ఆ ముసాఫిర్ అంటే దారిలో పైసలు అయిపోయి చిక్కుకున్నవాడు. ఇంట్లో కూర్చుని ప్యాకేజీ ఎంచుకుంటున్నవాడు కాదు. వితంతువు ఇంటి కిరాయికి, పిల్ల స్కూలు ఫీజుకు వెళ్లాల్సిన జకాత్ ఒక ప్రోగ్రామ్ ఆఫీసు ఖాతాలోకి వెళ్లడం జులుమ్.

అన్నిటికన్నా పెద్ద దలీల్ మన కళ్ల ముందే ఉంది. హజ్ కన్నా పెద్ద సఫర్ ముసల్మాన్‌కు ఏముంది? ఆ హజ్ కూడా ఇస్తితాఅత్ ఉన్నవాళ్ల మీదే ఫర్జ్. దారి ఖర్చు ఒక్కటే ఉంటే చాలదు, తిరిగి వచ్చేదాకా ఇంట్లోవాళ్లు తినడానికి కూడా ఉండాలని ఫుఖహా చెప్పారు. అప్పు చేసి, నగ తాకట్టు పెట్టి రమ్మని అల్లా తన ఇంటికే పిలవలేదు. ఒక ప్రోగ్రామ్ వాళ్లు పిలిస్తే మనం ఎందుకు తాకట్టు దుకాణం మెట్లెక్కాలి?

ఖిద్మత్ మీద మక్కువ ఉన్న పిల్లలకు పని లేదా అంటే కళ్ల ముందే ఉంది. 2020 అక్టోబర్ వరదల్లో హాఫిజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ ఇళ్లు బురదతో నిండితే పారలు పట్టింది మన బస్తీ పిల్లలే. వాళ్లను ఎవరూ ఫీజు అడగలేదు. బాలాపూర్‌లో రోహింగ్యా పిల్లలు ఉన్నారు. వాళ్ల దేశం మనం వెళ్లలేం, వాళ్లే మన దగ్గరికి వచ్చారు. అక్కడ ఏడాదంతా వారానికి మూడు సాయంత్రాలు చదువు చెప్పడానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు. టోలీచౌకీలో సూడాన్, సోమాలియా నుంచి వచ్చిన విద్యార్థులు ఉన్నారు. వాళ్లకు కిరాయికి ఇల్లు ఇవ్వడానికి మనలోనే ఎంతమంది ముఖం తిప్పుకుంటారో మనకు తెలుసు. నైరోబీ దాకా వెళ్లి ఆఫ్రికా పిల్లల్ని హత్తుకునే ముందు ఆ ఇంటి ఓనర్‌తో ఒక్కసారి మాట్లాడితే చాలు. కాలేజీల్లో 1969 నుంచి ఎన్ఎస్ఎస్ ఉంది. ఏడాదికి 120 గంటల పని, పిల్లల జేబు నుంచి ఫీజు లేదు. దాన్ని చెట్లు నాటి ఫోటో దిగే కార్యక్రమంగా మార్చింది కూడా మనమే. ఖర్చు పెట్టే ముందు అమ్మానాన్న, దగ్గరి చుట్టాలు, యతీమ్‌లు, పేదలు, ఆ తర్వాత ముసాఫిర్ అని ఖురాన్ ఒక వరస చెప్పింది. ఆ వరసను తలకిందులు చేసి అమ్మీ గాజులతో మొదలుపెట్టకండి.

అయినా వెళ్లాలనుకునే పిల్లలు ఉంటారు. ఉండాలి కూడా. వాళ్లకు, వాళ్ల అమ్మీ అబ్బాలకు నా గుజారిష్ ఒక్కటే. పైసా కట్టకముందు ఈ సవాళ్లకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫీజులో ఎంత మీ ఆఫీసుకు, ఎంత అక్కడి బడికి? ఫీజు కాక ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా మొత్తం ఎంతవుతుంది, పోయినసారి వెళ్లినవాళ్లకు ఎంతయింది? ఉండటం, తినడం ఎవరి ఖర్చు, ఎన్ని పూటలు? ఏ రకం వీసా, అందులో వలంటీర్ పని అని రాసుకోవచ్చా? మేం వెళ్లే వారాల్లో ఆ బడి నడుస్తుందా? ఆ పని అక్కడి మనిషి జీతానికి చేయగల పనేనా, అయితే మేమెందుకు? మధ్యలో జబ్బు చేస్తే, ప్రాజెక్టు రద్దయితే ఫీజులో ఎంత వాపస్ ఇస్తారు, ఎన్ని రోజుల్లో? ఏడింటికీ సంతకంతో జవాబు ఇచ్చేవాళ్లు ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. అమ్మానాన్నలకు ఇస్తితాఅత్ ఉంటే వెళ్లండి. మీ సఫర్‌కు నా దువా ఉంటుంది. "నమ్మకం లేదా భాయ్?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్లుంటే లేచి వచ్చేయండి. నమ్మకం ఉన్నచోట కాగితానికి భయం ఉండదు.

కాలేజీల మేనేజ్‌మెంట్లకు, మా లెక్చరర్ సాథీలకు కూడా ఒక మాట. సెమినార్ హాలు ఇచ్చేది మీరు, పిల్లలకు సిఫార్సు ఉత్తరం రాసేది మనం. ఆ మొత్తం హిసాబ్ కాగితం నోటీసు బోర్డు మీద అంటించనిదే హాలు ఇవ్వకండి. నా మట్టుకు నేను, ఆ కాగితం చూపించని ప్రోగ్రామ్‌కు వెళ్లే ఏ పిల్లకూ సిఫార్సు రాయడం లేదు. నా సంతకం వల్ల ఒక ఇంట్లో గాజులు తాకట్టుకు వెళ్లడం నాకు మంజూర్ కాదు.

మా గల్లీ పిల్ల ఇప్పుడు ఆ గాజులు విడిపించింది. కిసుము పంతులమ్మతో వాట్సాప్‌లో రోజూ మాట్లాడుతుంది. ఆదివారాలు బాలాపూర్ వెళ్తోంది, బస్సు పాస్ ఉంది కాబట్టి వేరే ఖర్చు లేదు. మళ్లీ ఎవరైనా స్లైడ్లు వేయడానికి వస్తే ఆ నోట్‌బుక్ పట్టుకుని మొదటి వరసలో కూర్చుంటానంటోంది. ఆ సెమినార్‌కు మీ పిల్లల్ని కూడా పంపండి, ఆమె పక్కన కూర్చోమనండి.